అంకె స్థావరము – ఆరోగ్యము జంగమము

వీరశైవ ధర్మమున దేహమునకు గల స్థానము విశిష్టమైనది. దేహమును బంధమని, మలినమని, తపస్సుచేత ఎండగట్టదగినదని తలంచిన మార్గములు లోకమున పెక్కు కలవు. శివశరణులు అట్లు తలంపలేదు. ఇష్టలింగమును ధరించునది ఈ దేహమే. కాయకము చేయునది, దాసోహమున వడ్డించునది, ఇంటికి వచ్చిన జంగమునకు ఎదురేగి శరణనునది ఈ దేహమే. దేహమునే దేవాలయముగా భావింపుమని బోధించిన బసవేశ్వరుని అనుయాయులకు, ఆ దేవాలయము దృఢముగా నున్నదా, లోలోపల శిథిలమగుచున్నదా అను ప్రశ్న వైద్యులకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాజాలదు. అది ధర్మప్రశ్న కూడ.

నేడు ఆ ప్రశ్నకు సమాధానముగా ఒక అంకె చెలామణి యగుచున్నది. దానిని శరీర ద్రవ్యరాశి సూచిక యందురు, వాడుకలో బి.ఎం.ఐ. అని పేరు. మనిషి బరువును కిలోగ్రాములలో తూచి, ఎత్తును మీటర్లలో కొలిచి, ఆ ఎత్తును అదే అంకెతో గుణించి, వచ్చిన లబ్ధముతో బరువును భాగింపవలెను. 1.60 మీటర్ల ఎత్తు, 64 కిలోల బరువు గలవారికి ఈ సూచిక సరిగా 25 అగును. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 18.5కు తక్కువైనచో బరువు చాలదు. 25 మొదలు అధిక బరువు. 30 మొదలు స్థూలకాయము. వైద్యశాలలోను, బీమా కార్యాలయములోను, ఉద్యోగ పరీక్షలోను, చివరకు చేతిలోని ఫోనులోను ఈ అంకె దర్శనమిచ్చుచున్నది. కొందరు దానిని చూచి నిశ్చింతగా నిద్రించుచున్నారు. కొందరు దానిని చూచి తల వంచుకొనుచున్నారు.

ఈ అంకె మనిషి ఆరోగ్యమును నమ్మదగినట్లు కొలువగలదా? కొలువలేనిచో దానిని పారవేయవలెనా, లేక దాని హద్దు దానికి చూపి ఉంచుకొనవలెనా? ఇవి విచారింపదగిన విషయములు.

కొలత పుట్టిన చోటు

ఏ కొలతనైనను అర్థము చేసికొనుటకు, అది ఎవరి చేతిలో, ఏ అవసరమునకై పుట్టినదో మొదట చూడవలెను. ఈ కొలత వైద్యుని చేతిలో పుట్టలేదు. ఒక ఖగోళ శాస్త్రజ్ఞుని చేతిలో పుట్టినది. బెల్జియం దేశమునకు చెందిన అడాల్ఫ్ కెటలే (1796–1874) గణితవేత్త. బ్రస్సెల్సు నగరమున వేధశాలను నెలకొల్పినవాడు. ఒకే నక్షత్రమును పదిమంది చూచి వ్రాసికొన్న లెక్కలు ఒకదానితో ఒకటి సరిపోవు. వాటి సగటు తీసినచో సత్యమునకు చేరువ కావచ్చును. నక్షత్రములకు చెల్లిన ఈ పద్ధతి మనుష్యులకును చెల్లునని ఆయన తలంచెను. 1835లో ప్రచురించిన గ్రంథమున ‘సగటు మనిషి’ అను భావనను ప్రతిపాదించెను. ఎదిగిన మనుష్యుల బరువు ఇంచుమించుగా వారి ఎత్తు యొక్క వర్గమును అనుసరించి యుండునని గమనించినది ఆయనయే. ఆయన వెదకినది సమాజము యొక్క సగటును. ఒక రోగి దేహములోని కొవ్వును కాదు.

తరువాత నూరేండ్లకు పైగా గడచినవి. 1972లో అమెరికా దేశపు శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్, అతని సహచరులు, అమెరికా, ఫిన్లాండు, ఇటలీ, జపాను, దక్షిణాఫ్రికా దేశములకు చెందిన 7,000కు పైగా పురుషులను పరిశీలించి, బరువును ఎత్తుతో పోల్చి చూచు సూత్రములలో కెటలే సూత్రము తక్కిన వానికి తీసిపోదని తేల్చిరి. నేడు వాడుచున్న పేరు పెట్టినది కూడ వారే. ఇది సంపూర్ణమైన కొలత యని వారును చెప్పలేదు. వారు చూచిన వారిలో స్త్రీలు లేరు; భారతీయులు లేరు. అయినను కొలుచుట తేలిక, ఖర్చు లేదు, ఒక త్రాసు ఒక టేపు చాలును గనుక ఈ సూత్రము లోకమంతట వ్యాపించినది.

హద్దులు గీచిన తీరు కూడ గమనింపదగినది. 1998 వరకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు పురుషులకు 27.8, స్త్రీలకు 27.3 అను అంకెలను అధిక బరువునకు హద్దుగా పాటించినవి. ఆ యేట హద్దును 25కు దింపిరి. అంతకు ముందు రాత్రి ఆరోగ్యవంతులుగా నిద్రించిన లక్షలాది జనులు, ఒక గ్రాము బరువైనను పెరుగకయే, మరునాడు అధిక బరువు గలవారై మేల్కొనిరి. భారతదేశ వైద్య నిపుణులు 2009లో ఈ దేశమునకు వేరు హద్దులను సూచించిరి: 23 మొదలు అధిక బరువు, 25 మొదలు స్థూలకాయము. కాబట్టి 25.5 సూచిక గల మనిషి ఒక లెక్కలో కొంచెము బరువు ఎక్కువైనవాడు, మరియొక లెక్కలో స్థూలకాయుడు. దేహము మారలేదు, గీత మారినది. గీతను మార్చుట అన్యాయమని కాదు. భారతీయులకు తక్కువ బరువులోనే మధుమేహము వచ్చుచున్నదని గ్రహించి, వారి మేలు కోరియే ఆ గీతను దింపిరి. అయినను ఆ గీత ప్రకృతి గీచినది కాదనియు, మనుష్యులు తమ అనుభవమును బట్టి గీచుకొన్నదనియు మరువరాదు.

ఇద్దరు అన్నదమ్ములు

ఒక ఇంటిలో ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారని ఊహించుకొనవచ్చును. ఇద్దరి ఎత్తును 170 సెంటీమీటర్లే. పెద్దవాడు సేద్యము చేయును. బస్తాలెత్తును, గడ్డిమోపులు మోయును, ప్రొద్దున నాలుగు గంటలకే పొలమునకు పోవును. అతని బరువు 78 కిలోలు, నడుము చుట్టుకొలత 84 సెంటీమీటర్లు. చిన్నవాడు దుకాణమున కూర్చుండి లెక్కలు వ్రాయును. ఉదయము కూర్చున్నవాడు రాత్రికి గాని లేవడు. అతని బరువు 65 కిలోలు. కాళ్లు చేతులు సన్నముగా ఉండును, కాని పొట్ట ముందుకు వచ్చినది. నడుము చుట్టుకొలత 94 సెంటీమీటర్లు.

సూత్రము ప్రకారము పెద్దవాని సూచిక 27. భారతీయ హద్దును బట్టి అతడు స్థూలకాయుడు. చిన్నవాని సూచిక 22.5. అతడు నిర్దుష్టుడు. కాని వైద్యుడు నడుమును కొలిచినచో తీర్పు తలక్రిందులగును. భారతీయ పురుషులకు నడుము 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదని నిపుణుల సూచన. నడుము చుట్టుకొలత ఎత్తులో సగమునకు మించరాదనునది మరియొక సులభమైన కొలత. చిన్నవాడు ఈ రెండు హద్దులను దాటినాడు. పెద్దవాడు దేనిని దాటలేదు. ఇంతమాత్రమున పెద్దవానికి రోగమే లేదని చెప్పరాదు. అతని రక్తపుపోటును చూడవలెను, రక్తములోని చక్కెరను చూడవలెను. కాని బరువు అంకె చెప్పిన కథ వేరు, దేహము చెప్పుచున్న కథ వేరు అనుట స్పష్టము.

దీనికి కారణము కష్టమైనది కాదు. త్రాసు కండను, కొవ్వును, ఎముకను, నీటిని వేరు చేసి చూపదు. అన్నిటిని కలిపి ఒకే బరువుగా చూపును. కొవ్వు ఎచ్చట నున్నదో అసలే చెప్పదు. చర్మము క్రింద, తొడలయందు నిలిచిన కొవ్వు చేయు కీడు తక్కువ. పొట్టలోపల, కాలేయము చుట్టును ప్రేగుల చుట్టును పేరుకొన్న కొవ్వు ఇన్సులిన్ పనికి అడ్డుపడి, మధుమేహమునకు, గుండెజబ్బునకు దారి తీయును. పొట్ట ఎక్కడ నున్నదో అడుగని కొలత, భారతీయుని విషయమున అడుగవలసిన మొదటి ప్రశ్ననే విడిచిపెట్టినది.

పుణె నగరమునకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండనుకు చెందిన జాన్ యుడ్కిన్ అను ఇద్దరు వైద్యశాస్త్రజ్ఞులు 2004లో లాన్సెట్ పత్రికయందు తమ ఇద్దరి దేహములనే ఉదాహరణముగా చూపిరి. ఇద్దరి సూచికయు 22.3. కాని కొవ్వును ప్రత్యేకముగా కొలిచి చూడగా, ఆంగ్లేయుని దేహమున అది 9.1 శాతము, భారతీయుని దేహమున 21.2 శాతము. అంకె ఒక్కటే, దేహములు రెండు. యాజ్ఞిక్ బృందము అంతకు ముందే, 2003లో, పుణె పరిసర గ్రామముల శిశువులను ఇంగ్లాండులోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చి చూపినది. ఇచ్చటి బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, అచ్చటి బిడ్డలది 3.5 కిలోలు. అంత తక్కువ బరువుతో పుట్టినను ఈ బిడ్డలలో తరిగినది ముఖ్యముగా కండ. కొవ్వు అంతగా తరుగలేదు. సన్నముగా కనిపించుచు లోపల కొవ్వును దాచుకొను ఈ లక్షణము తల్లి గర్భమునుండియే మొదలగుచున్నదని దీనివలన తెలియుచున్నది.

దేశము మొత్తమును చూచినను ఇదే కనబడును. 2019–21 నాటి అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15–49 ఏండ్ల స్త్రీలలో 24 శాతము మంది సూచికను బట్టి అధిక బరువు లేక స్థూలకాయము గలవారు. అదే సర్వేలో నడుమును తుంటితో పోల్చి కొలువగా, ప్రమాదకరమైన స్థితిలో నున్నవారు 56.7 శాతము. పురుషులలో ఈ అంకెలు వరుసగా 22.9, 47.7. అనగా బరువు త్రాసు వద్ద తప్పించుకొన్నవారిలో పెక్కుమంది నడుము టేపు వద్ద పట్టుబడిరి.

మరియొక విచిత్రము కూడ కలదు. మధుమేహము ముదిరినవారు, క్షయ సోకినవారు తెలియకయే బరువు కోల్పోవుదురు. బంధువులు చూచి “బాగా సన్నబడ్డారు, అన్నయ్యగారూ” అని మెచ్చుకొందురు. అంకె 27 నుండి 23కు దిగినది. అంకె బాగుపడినది, మనిషి పాడయినాడు. వృద్ధాప్యమున కండ తరిగి ఆ స్థానమున కొవ్వు చేరినను త్రాసుకు తేడా తెలియదు. పిల్లలకు పెద్దల హద్దులు చెల్లవు. వారిని వయస్సును బట్టి, ఆడ మగ తేడాను బట్టి వేరు పట్టికలతో చూడవలెను. గర్భిణులకు ఈ కొలత వర్తింపదు.

కొలతకు గల ధర్మము

ఇంత విన్నవారు ఈ కొలత వట్టిదని త్రోసివేయవచ్చును. అది తొందరపాటు. పదిమందికి సంబంధించిన సత్యమును చెప్పుటలో ఈ సూచికకు మించిన సులభసాధనము లేదు. 2016లో ఒక కోటికి పైగా మనుష్యుల వివరములను పరిశీలించి ప్రచురించిన అధ్యయనమున, 20కు 25కు నడుమ సూచిక గలవారిలో మరణములు అత్యల్పముగను, దానికి పైన పోయిన కొలది అధికముగను కనబడినవి. గుంపుగా చూచినప్పుడు ఈ అంకె అబద్ధమాడుట లేదు. ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 36.3 శాతము, తెలంగాణ స్త్రీలలో 30.1 శాతము మంది అధిక బరువు గలవారని, అదే సమయమున ఆంధ్రప్రదేశున 14.8, తెలంగాణమున 18.8 శాతము మంది చాలినంత బరువు లేనివారని 2019–21 సర్వే తెలుపుటకు ఈ సూచికయే ఆధారము. ఒకే రాష్ట్రమున ఒక ఇంట తిండి ఎక్కువై, మరియొక ఇంట తిండి చాలక రెండు విధముల రోగము నెలకొన్నదని తెలిసినది దీనివలననే. ఆ రెండవ ఇంటిని చూపు కొలతను దాసోహమును వ్రతముగా పెట్టుకొన్న మఠములు ఎట్లు త్రోసివేయగలవు?

కట్టెల అడితిలో కాటా ఉండును. కంసాలి అంగడిలో చిన్న త్రాసు ఉండును. కాటా పది బస్తాల బరువును నిజముగా చెప్పును. దానిపై ముక్కుపుడకను పెట్టినచో ముల్లు కదలదు. కాటా దొంగది కాదు. దానిపై పెట్టినవాడు తెలివిలేనివాడు. ఈ సూచిక కాటా వంటిది. జనసమూహమును తూచుటకు పనికివచ్చును. ఒక్కొక్క మనిషి ఆరోగ్యము బంగారము వంటిది. దానికి వేరు త్రాసు కావలెను.

వైద్యలోకము కూడ ఈ నిర్ణయమునకే వచ్చుచున్నది. 2023లో అమెరికా వైద్యుల సంఘము ఈ సూచికను ఒంటరిగా ఆధారము చేసికొనరాదని తీర్మానించినది. 2025 జనవరిలో లాన్సెట్ పత్రిక ఆధ్వర్యమున అంతర్జాతీయ నిపుణుల సంఘము ప్రకటించిన నివేదిక, అధిక కొవ్వు ఉన్నదా లేదా అనుదానిని నడుము కొలత వంటి మరియొక కొలతతో నిర్ధారింపవలెనని చెప్పి, పిదప రెండు ప్రశ్నలు అడుగుమన్నది: ఆ కొవ్వు వలన దేహములోని అవయవముల పని చెడినదా? మనిషి తన నిత్యకృత్యములను చేసికొనలేకున్నాడా? ఈ రెండవ ప్రశ్న శరణుల సంప్రదాయమున పెరిగినవారికి క్రొత్తది కాదు. దేహము కాయకమునకు పనికివచ్చుచున్నదా అని అడుగుట వారికి అలవాటే.

తీర్పు చెప్పు అధికారము

ఇంతవరకు లెక్కల మాట. ఇక ధర్మము మాట. సమూహము యొక్క సగటును తెచ్చి ఒక మనిషి నెత్తిన పెట్టి, “నీవు ఇట్టివాడవు” అనుట ఈ కాలపు దోషము మాత్రమే కాదు. పన్నెండవ శతాబ్దమున కల్యాణ నగరమున శరణులు ఎదిరించినది ఇట్టి దోషమునే. మనిషిని చూడక అతని కులమును చూచి, కులమునకు కట్టిన వెలను అతనికి కట్టుట నాటి ఆచారము. అనుభవ మంటపమున చాకలి మాచయ్య, త్రాళ్లు పేనిన చందయ్య వంటివారు మంత్రియైన బసవేశ్వరుని సరసన కూర్చుండిరి. వారిని కొలిచినది పుట్టుకతో కాదు, నడవడితో. బరువు అంకెను కులముతో సమానము చేయుట అతిశయోక్తి యగును. బరువును మార్చుకొనవచ్చును, కులముద్రను మార్చుకొనలేరు. అయినను గుంపును చూచి మనిషిని చూచితిమనుకొను ఆ పొరపాటు మాత్రము రెండింటిలోను ఒక్కటే.

ఈ పొరపాటు ఇండ్లలో చేయు గాయము చిన్నది కాదు. పెండ్లిచూపులలో పిల్లను ఎగాదిగా చూచి, “పిల్ల కాస్త ఒళ్లు చేసినట్టుంది, వదినా” అని పెదవి విరుచు పెద్దమ్మలు ఉన్నారు. ఆ పిల్ల చదువును, ఓర్పును, చేతిపనిని, నిత్య లింగపూజను ఒక్క మాట తుడిచివేయును. ఆ మాట విన్న పిల్ల అన్నము మాని, రక్తము తరిగి, సన్నబడి, రేపు తల్లియైనప్పుడు తక్కువ బరువు బిడ్డను కనవచ్చును. పుణె శిశువుల కథ అక్కడినుండి మరల మొదలగును. అవమానము ఎవరి ఆరోగ్యమును బాగుచేయలేదు. స్థూలకాయము పాపఫలము కాదు. సన్నని నడుము పుణ్యఫలము కాదు. రోగము వచ్చినవానికి కావలసినది చికిత్స, ఆదరణ, తీర్పు కాదు.

దీనికి ఎదురుగా మరియొక గాయము కలదు. అది కంటికి కనబడదు. అంకె 22 అని చూచుకొని, పొట్టను ధోవతి మడతలో దాచుకొని, రక్తపరీక్షకు పోనివాని గాయమది. తప్పుగా శిక్షింపబడినవాడు బాధపడును. తప్పుగా విడువబడినవాడు బాధపడడు, కాని పడిపోవును. 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనము దేశమున 10 కోట్లకు పైగా జనులకు మధుమేహము కలదని అంచనా వేసినది. వారిలో లావుపాటివారే కాదు, సన్ననివారును కలరు.

మూడవ పొరపాటు అన్నిటికంటె సుఖమైనది. “ఆ అంకె తప్పని పండితులే చెప్పుచున్నారు గదా” యని, తినునది తగ్గింపక, కదలక కూర్చుండుట. ఇది కొలతను నిరాకరించుట కాదు, అద్దమును పగులగొట్టుట. సూచిక 30 దాటి, నడుమును దాటినవాడు తన దేహము కండలతో నిండినదని చెప్పుకొనుట ఆత్మవంచన. కండలు గలవారు కొందరే. సాకు చెప్పువారు పెక్కుమంది.

స్థావరము, జంగమము

బసవేశ్వరుడు స్థావరమునకు, జంగమమునకు గల భేదమును ఎత్తి చూపినాడు. కట్టి నిలిపినది స్థావరము. కదలుచు, ఎరుకతో సంచరించునది జంగమము. కట్టి నిలిపినదానిని పట్టుకొని, ఎదుట నిలిచిన జంగమమును గుర్తింపకుండుట అజ్ఞానమని ఆయన బోధ. ఈ వివేకమును దేహవిషయమునకును అన్వయింపవచ్చును. త్రాసుపై ఒక్క క్షణము నిలిచి చదివిన అంకె స్థావరము. ప్రొద్దున లేచి, పనిచేసి, తిని, దుఃఖించి, నవ్వి, నిద్రించు ఆరోగ్యము జంగమము. స్థావరము గుర్తు మాత్రమే. గుర్తు దారి చూపునంతవరకు దానికి విలువ కలదు. గుర్తునే గమ్యమని తలంచినవాడు రాయి దగ్గరనే కూర్చుండిపోవును.

ఆరోగ్యమనగా దేహము తన కాయకమునకు సమర్థముగా ఉండుట. మెట్లెక్కుటకు ఆయాసము లేకుండుట, నేలపై కూర్చుండి లేవగలుగుట, ఆకలి వేళకు ఆకలి, నిద్ర వేళకు నిద్ర, రక్తపుపోటు, చక్కెర హద్దులలో ఉండుట, ఇతరులకు భారము కాక చేతనైనంత సేవ చేయగలుగుట – ఇవి దాని లక్షణములు. వీనిలో కొన్నింటిని కొలువవచ్చును, కొన్నింటిని కొలువలేము. ఏ ఒక్కటి మాత్రము ఎత్తును బరువును భాగించినంత మాత్రమున తేలదు. కాలు లేనివాడును, చూపు లేనివాడును, దీర్ఘరోగముతో మందులు వాడువాడును తనకు తగిన కాయకమును చేయుచున్నచో, ఆ మేరకు అతడు ఆరోగ్యవంతుడే.

వడ్డన దగ్గర వివేకము

కొలతను గురించి శరణుల కథలలో ఒకటి ఎల్లరకును తెలిసినదే. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి జంగమ దాసోహము చేయుట కాయకముగా గలవాడు. ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ దానిని చూచి సంతోషింపలేదు. అవసరమునకు మించినది తమది కాదని చెప్పి, తెచ్చిన చోటనే పోసి రమ్మని పంపెను. లక్కమ్మ చేతిలో త్రాసు లేదు, టేపు లేదు. అయినను చాలును అను కొలత ఆమెకు తెలియును. నేటి వైద్యుడు ఎన్ని అంకెలు చెప్పినను, రోగి చివరకు నేర్చుకొనవలసినది ఆ ఒక్క కొలతనే.

ఈ సందర్భమున ఇండ్లలోను మఠములలోను జరుగు వడ్డనను గురించి ఒక మాట చెప్పుకొనవలసియున్నది. పంక్తిలో కూర్చున్న పెద్దాయన చాలునని చేయి అడ్డము పెట్టినను, “ఇంకొక్క బూరె వేయించుకోండి, బావగారూ, ప్రసాదానికి వద్దనకూడదు” అని వడ్డించువారు వదలరు. ప్రసాదమును పారవేయరాదనునది వీరశైవుల నియమము. అది మంచి నియమము. కాని ఆ నియమము తినువానికి మాత్రమే కాదు, వడ్డించువానికిని వర్తించును. విస్తరిలో పడిన తరువాత పారవేయుట దోషమైనచో, అక్కరలేనిదానిని విస్తరిలో వేయుట అంతకంటె ముందరి దోషము. కొంచెము వడ్డించి, కావలసినవారిని మరల అడుగుట మర్యాదకు లోటు కాదు. కడుపు నిండినవానికి ఒక బూరె తగ్గించి, కడుపు నిండనివానికి అది చేర్చినచో దాసోహము అర్థవంతమగును. సర్వే చూపిన రెండు రోగములకును అదియే మందు.

తిండిని మానుకొని దేహమును కృశింపజేయుటయు బసవేశ్వరుని మార్గము కాదు. దేహమును దండించుట భక్తి యని ఆయన ఒప్పుకొనలేదు. అతిగా మేపుటకును, అతిగా మాడ్చుటకును నడుమ, పనిచేయు దేహమునకు తగిన ఆహారము అను దారి కలదు. రాగులు, జొన్నలు, పప్పులు, ఆకుకూరలు, మజ్జిగ ఆ దారిలోని పాతనేస్తములు. దినమునకు అరగంట అయినను వేగముగా నడచుట, బరువు పనికి సిగ్గుపడకుండుట ఆ దారిలోని నడక.

అంకెను ఎట్లు వాడుకొనవలెనన్నచో సమాధానము సులభము. ఏడాదికి ఒకటి రెండు సార్లు బరువును చూచుకొనవచ్చును, సూచికను లెక్కించుకొనవచ్చును. 23 దాటినచో భయపడనక్కరలేదు, మేలుకొనవలెను. దాటకపోయినచో నిశ్చింత పడరాదు, నడుమును కొలుచుకొనవలెను. ముప్పది యేండ్లు నిండినవారు రక్తపుపోటును, చక్కెరను పరీక్షింపజేసికొనవలెను. కారణము తెలియక బరువు తగ్గినచో సంతోషింపక వైద్యుని చూడవలెను. ఎదుటివాని బరువును గురించి అడుగక చెప్పరాదు. అడిగినచో మెల్లగా చెప్పవలెను. జయంతి ఉత్సవములకు జనులు గుమిగూడు మఠములు ఒక మూలన టేపును, రక్తపుపోటు యంత్రమును ఉంచి, అక్కడొక వైద్యుని కూర్చుండబెట్టినచో, ఆ మూల కూడ దాసోహ శాలలో భాగమే యగును.

కాబట్టి శరీర ద్రవ్యరాశి సూచిక నమ్మదగినదా అను ప్రశ్నకు సమాధానము ఇది: పిలిచి చెప్పు బంటుగా నమ్మదగినది, తీర్పు చెప్పు న్యాయాధిపతిగా నమ్మరానిది. వాకిట నిలిచి “లోపల చూడుడు” అని కేక వేయుట దాని కాయకము. ఆ కేక విని లోపలికి పోయి చూడవలసినవాడు మాత్రము దేహమునందు నివసించువాడే. ఎదపై ఇష్టలింగమును ధరించినవాడు తన దేవాలయమును గురించి ఆ పాటి శ్రద్ధ వహించుట, ఎదుటివాని దేవాలయమును చూచి నవ్వకుండుట, ఈ రెండును ఒకే భక్తికి రెండు ముఖములు.